పాస్తా అన్నం లాంటిది, సాసు ఆదరువు

ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు పాస్తా చేశానని చెప్తే మొదట వచ్చే ప్రశ్న ఒక్కటే, "రెడ్ సాసా, వైట్ సాసా?" ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా ఏ పాస్తా అని గానీ, ఎంతసేపు ఉడికించావని గానీ అడగలేదు. అన్నం దగ్గర మనం ఇలా ఉండం కదా. అన్నం ముద్దయిపోతే దాని మీద ఎంత మంచి పప్పు పోసుకున్నా మనసొప్పదు, బియ్యం కొత్తవా పాతవా, ఎసరు ఎక్కువైందా, వార్చడం ఆలస్యమైందా అని ఐదు నిమిషాలు మాట్లాడుకుంటాం. అంత తెలిసినవాళ్ళం పాస్తా దగ్గరికొచ్చేసరికి మెత్తగా అయ్యేదాకా ఉడకబెట్టి, కుళాయి కింద పెట్టి చన్నీళ్ళతో కడిగి, దాని మీద క్రీమూ చీజూ ఓరెగానో పొట్లాలూ గుమ్మరించేస్తాం. నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే: పాస్తా అన్నం లాంటిది, సాసు దానికి ఆదరువు. ఈ వరస తలకిందులు చేసినంతకాలం ఎంత ఖరీదైన సాసు సీసా కొన్నా అది బాగుండదు.

నాకు ఈ సంగతి పుస్తకాల్లోంచి రాలేదు. ఇటలీలోని బొలోన్యా ఊళ్ళో రెండేళ్ళు చదువుకున్నాను. మేం అద్దెకున్న ఇంటి కింద భాగంలో ఇంటావిడ ఉండేది, డెబ్బై దాటిన మనిషి, నేను సిన్యోరా అని పిలిచేదాన్ని. ఆదివారం పొద్దున్నే కింద నుంచి ధబ్ ధబ్ అని చప్పుడు వచ్చేది, ఆవిడ పిండి కలుపుతున్న చప్పుడు అది. ఒక రోజు ఉత్తరాలు ఇవ్వడానికి వెళ్తే కూర్చోమంది, నేను కూర్చోకుండా నిలబడి చూశాను. పెద్ద చెక్క పలక మీద పిండి కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి అందులో గుడ్లు కొట్టింది. ఫోర్కుతో గుడ్లు గిలకొడుతూ గుంట అంచుల నుంచి కొంచెం కొంచెంగా పిండిని లోపలికి లాగుతోంది, చుట్టూ గోడ మాత్రం కూలనివ్వట్లేదు. ఉప్పు వెయ్యలేదు, నూనె వెయ్యలేదు, చుక్క నీళ్ళు పొయ్యలేదు. లెక్క కూడా చాలా తేలిక, వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు. పది నిమిషాల పైన మర్దించాక ముద్ద చెవి తమ్మెలా అయింది. దాని మీద గిన్నె బోర్లించి అరగంట వదిలేసింది, ఆ అరగంటా నాతో మాట్లాడుతూనే ఉంది, నాకు అందులో సగమే అర్థమైంది.

తర్వాత నా చెయ్యి అంత పొడుగున్న కర్ర తీసింది. మనం చపాతీ ఒత్తినట్టు కిందికి నొక్కడం లేదు, మధ్య నుంచి బయటికి తోస్తూ, తోసిన ప్రతిసారీ కొంచెం తిప్పుతూ, రేకు పెద్దదవుతుంటే దాన్ని కర్రకి చుట్టి మళ్ళీ విప్పుతూ చేసింది. ఆ రేకుని అక్కడ స్ఫోల్యా అంటారు. చివర్లో రెండు చేతులతో దాన్ని పట్టుకుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూపించింది. రేకు వెనకాల ఆవిడ వేళ్ళు కనిపిస్తున్నాయి. బొలోన్యాలో ఒక మాట ఉంది, స్ఫోల్యాలోంచి చూస్తే సాన్ లూకా కనపడాలని. సాన్ లూకా అంటే ఊరి బయట కొండ మీద ఉన్న చర్చి, 666 తోరణాల కింద నడుస్తూ పైకి వెళ్ళాలి, ఊరివాళ్ళందరికీ అది కళ్ళ ముందు ఉండే గుర్తు. ఆ ఇంటి కిటికీలోంచి కొండ కనిపించదు గానీ ఆవిడ ఆ మాట అని మరీ నవ్వింది.

ఆ రోజు దాని మీద ఏం వేసిందంటే, కరిగించిన వెన్న, సేజ్ ఆకులు నాలుగు, పైన చీజు. అంతే. నేను ప్లేటు ఖాళీ చేశాక కూడా సాసు ఏదని అడగాలనిపించలేదు.

బొలోన్యా వాళ్ళకి ఈ విషయంలో ఎంత పట్టింపంటే, 1972 ఏప్రిల్ 16న టాల్యాతెల్లే అనే రిబ్బన్లలాంటి గుడ్డు పాస్తా వెడల్పుని వాణిజ్య మండలి దగ్గర అధికారికంగా నమోదు చేయించారు. ఉడికిన తర్వాత 8 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే ఊరి మధ్యలో ఉన్న అసినెల్లీ బురుజు ఎత్తులో 12,270వ వంతు. దానికి బంగారంతో నమూనా కూడా చేయించి పెట్టారు. ఇక వాళ్ళ మాంసం సాసు రాగూ ఉంది చూశారా, ప్రపంచమంతా ఆ ఊరి పేరుతో తినేది, దాని వంట విధానం అదే మండలి దగ్గర నమోదైంది 1982 అక్టోబరు 17న. పిండికి పదేళ్ళ తర్వాత. పైగా ఆ రాగూని వాళ్ళు స్పగెట్టీ మీద వెయ్యరు, వెడల్పాటి, గరుకైన గుడ్డు పాస్తా మీదే వేస్తారు, ఎందుకంటే నున్నటి సన్న తీగ మీద మాంసం నిలవదు, జారి ప్లేటు అడుక్కి పోతుంది. చెక్క మీద చెక్కతో ఒత్తిన రేకుకి వేలితో తాకితే తెలిసేంత గరుకు ఉంటుంది, సాసు పట్టుకునేది ఆ గరుకే.

ఇప్పుడు హైదరాబాదులో నా వంటింట్లో ఇదెలా చేస్తానో చెప్తాను. ఇద్దరికి 200 గ్రాముల మైదా. అక్కడి పిండి వేరే, నిజమే, కానీ మంచి మైదాతో చక్కగా వస్తుంది, ఆ పిండి దొరకలేదని ఆగిపోకండి. నాకు దొరికే గుడ్లు కాస్త చిన్నవి కాబట్టి రెండు గుడ్లూ, పైన ఒక పచ్చసొనా వేస్తాను. కలిపేటప్పుడు మొదటి మూడు నాలుగు నిమిషాలు పొడిపొడిగా విడిపోతుంటుంది, చాలామంది అక్కడే భయపడి నీళ్ళు పోస్తారు, పొయ్యొద్దు, అరచెయ్యి కింది భాగంతో తోస్తూ ఉండండి, పిండి తనే దగ్గరికొస్తుంది. వానాకాలంలో మాత్రం గాలిలో తేమకి పిండి జిగురవుతుంది, అప్పుడు ఒక చెంచా మైదా ఎక్కువ వేస్తాను. మన అప్పడాల కర్ర పొట్టిది కాబట్టి ముద్దని మూడు భాగాలు చేసి, ఒక్కొక్కటే ఒత్తి మిగతావి గిన్నె కింద ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, ఫ్యాన్ ఆపండి. నా మొదటి నాలుగు ప్రయత్నాలు ఫ్యాన్ గాలికే పగిలిపోయాయి, అంచులు అప్పడంలా ఎండి, మడత పెడితే విరిగేవి, కారణం తెలియడానికి నెల పట్టింది. రేకు పలచబడ్డాక పది నిమిషాలు ఆరనిచ్చి, పిండి చల్లి, చీర మడత పెట్టినట్టు మడిచి, చాకుతో ఆరేడు మిల్లీమీటర్ల వెడల్పున కొయ్యాలి, ఉడికితే ఎనిమిదికి వస్తుంది. వెంటనే విదిలించి విప్పెయ్యాలి. మరిగే నీళ్ళలో రెండు మూడు నిమిషాలు చాలు.

రాగూ గురించి ఎక్కువ చెప్పను. ఉల్లి, క్యారెట్, సెలరీ సన్నగా తరిగి వేయించి, మాంసం, వైను, కొద్దిగా టమాటా, పాలు, రెండు మూడు గంటల సన్న మంట. నేను మటన్ కీమాతో చేస్తాను, దాన్ని బొలోన్యా రాగూ అనను, కీమా పాస్తా అంటాను.

ఇక నీళ్ళ సంగతి. వంద గ్రాముల పాస్తాకి లీటరు నీళ్ళు, పది గ్రాముల ఉప్పు. లోపల ఉప్పు పట్టేది ఆ ఉడికేటప్పుడే, తర్వాత పైన చల్లితే నాలుకకి తగులుతుంది తప్ప పాస్తాకి అందదు. ఇటలీ వాళ్ళు అల్ దెంతె అని ఒక మాట వాడతారు, దాన్ని మన వంటల వీడియోల్లో ఇంగ్లీషులో తిప్పితిప్పి వివరిస్తుంటారు గానీ మనకి ఎప్పటి నుంచో దానికి మాట ఉంది, పలుకు. అన్నం వార్చే ముందు మెతుకు తీసి రెండు వేళ్ళ మధ్య నొక్కి చూస్తామే, మధ్యలో చుక్కంత గట్టిగా తగులుతుందే, అదే. ఎండు పాస్తాని కొరికి చూస్తే మధ్యలో సూది మొనంత తెల్ల చుక్క ఉండాలి, అప్పుడు నీళ్ళలోంచి తీసేసి, మిగతా ఉడుకు ఆదరువులో, బాణలిలో పూర్తవ్వాలి. పాకెట్ మీద పది నిమిషాలని రాసి ఉంటే ఎనిమిదో నిమిషం నుంచే నేను పొయ్యి దగ్గర ఉంటాను.

ఆ నీళ్ళు పారబోయకండి. అది గంజి. కాటన్ చీరలకి గంజి పెట్టిన ఇళ్ళలో పుట్టినవాళ్ళం, గంజికి ఎంత పట్టు ఉంటుందో మనకి ఒకరు చెప్పాలా? రోమ్ వాళ్ళ కాచో ఎ పేపే మొత్తం ఆ గంజి మీదే నడుస్తుంది. పెకొరీనో అనే గొర్రెపాల చీజు, మిరియాలు, పాస్తా, ఇంకేం ఉండదు. వెన్న లేదు, క్రీమ్ లేదు. నేను మొదటిసారి చేసినప్పుడు చీజు పొయ్యి మీదే వేశాను, అది జిగురు ముద్దై గరిటెకి చుట్టుకుంది, అడుగున నీళ్ళు విడిగా తేలాయి. అప్పట్లో దిద్దుకోవడం తెలియక ఆ ముద్దే తిన్నాను. 2025లో ఇటలీ భౌతిక శాస్త్రవేత్తలు కొందరు ఇదే సమస్య మీద పరిశోధన ప్రచురించారు, దానికి ఆ ఏడాది, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. వాళ్ళు తేల్చింది ఏంటంటే చీజు బరువులో రెండు మూడు శాతం పిండి పదార్థం ఉంటే అది విరగదు, ఒక శాతం కంటే తగ్గితే ముద్ద కడుతుంది. వాళ్ళ లెక్క 240 గ్రాముల పాస్తాకి 160 గ్రాముల చీజు, 40 గ్రాముల నీళ్ళలో కలిపిన 4 గ్రాముల పిండి పదార్థం. నేను అప్పటి నుంచి ఆ దారే పట్టాను. కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి సన్న సెగ మీద చిక్కబడేదాకా తిప్పి, చల్లారాక అందులో తురిమిన చీజు వేసి మెత్తటి ముద్ద చేసుకుంటాను. మిరియాలు నూనె లేకుండా బాణలిలో వేయించి కచ్చాపచ్చాగా దంచి, వాటి మీద ఒక గరిటె గంజి పోసి, పాస్తా వేసి తిప్పి, పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి అప్పుడు చీజు ముద్ద కలుపుతాను. ఆ ఒక్క నిమిషం ఆగడమే కష్టం. పెకొరీనో మన దగ్గర చాలా ఖరీదు, పార్మెజాన్‌తో చేస్తే కాస్త చప్పగా, తియ్యగా ఉంటుంది గానీ బాగానే ఉంటుంది.

వైట్ సాసు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. వెన్న, మైదా, పాలు కలిపి చేసే ఆ సాసు ఇటలీలో లేదని కాదు. బొలోన్యాలోనే ఉంది, బెషమెల్లా అంటారు, పాలకూర కలిపిన పచ్చటి పాస్తా రేకుల మధ్య రాగూతో పాటు పలచగా పూసి ఓవెన్‌లో పెడతారు, అది లజాన్యే. అంటే అక్కడ అది రేకుకీ రేకుకీ మధ్య పూత. మనం దాన్ని పెన్నే గొట్టాల మీద పాయసంలా పోస్తున్నాం, పాస్తా మెత్తగా ఉడికిందో లేదో కూడా తెలియనంతగా. చన్నీళ్ళతో కడగడం కూడా అందుకే అలవాటైంది, మెత్తగా ఉడికినవి అతుక్కుంటాయని కడుగుతాం, కడిగితే పైనున్న గంజి పోతుంది, గంజి పోయాక సాసు పట్టదు, పట్టదు కాబట్టి సాసు ఇంకా చిక్కగా, ఇంకా ఎక్కువగా చేస్తాం. ఇదొక గొలుసు. మొదటి మెలిక విప్పితే మిగతావన్నీ విడిపోతాయి.

ఇటలీ దక్షిణానికి వెళ్తే పాస్తాలో గుడ్డు ఉండదు. పూల్యా ప్రాంతంలో గట్టి గోధుమ రవ్వ, నీళ్ళు, అంతే. ఆ గట్టి గోధుమని డ్యూరం అంటారు, ఇటలీలో 1967 నుంచి ఎండు పాస్తా దాంతోనే చెయ్యాలని చట్టమే ఉంది. ఏ సాసు వెయ్యాలో చట్టం చెప్పలేదు, ఏ గోధుమో మాత్రం చెప్పింది. ఆ పూల్యాలోని బారి నగరంలో, పాత ఊళ్ళో ఒక సందులో ఆడవాళ్ళు ఇళ్ళ ముందు బల్లలు వేసుకుని కూర్చుని ఒరెక్కియెత్తె చేస్తూ ఉంటారు, చిన్న చెవులని అర్థం. చదువు రోజుల్లో అక్కడికి వెళ్ళి గంటసేపు నిలబడి చూశాను. పిండిని వేలంత లావు తాడులా దొర్లించి, గోరంత ముక్క కోసి, మొద్దు చాకుతో దాన్ని బల్ల మీద తమ వైపుకి ఈడ్చి, వెంటనే బొటనవేలి మీద తిరగేస్తారు. ఈడ్చడం, తిరగెయ్యడం కలిపి ఒక కదలికలా ఉంటుంది. వాళ్ళు చేతుల వైపు చూడరు, ఎదురింటి ఆవిడతో మాట్లాడుతూ చేస్తారు. అది చూస్తుంటే మా నాయనమ్మ గుర్తొచ్చింది.

మా నాయనమ్మకి సేమ్యా మిషన్ ఉండేది, చేత్తో తిప్పేది, స్టూలుకి బిగించేవాళ్ళం. వేసవి సెలవుల్లో రవ్వా మైదా కలిపి ముద్ద చేసి పైనుంచి వేస్తే కింద తీగలు దిగేవి, వాటిని అరచేతుల మీద అందుకుని మేడ మీద నులకమంచానికి పరిచిన తెల్ల పంచె మీద ఆరబెట్టడం పిల్లల పని. ఎండితే డబ్బాల్లో పోసి ఏడాదంతా వాడుకునేవాళ్ళం, వండే ముందు నేతిలో వేయించేవాళ్ళం. ఇటలీ దీవి సార్డీనియాలో ఫ్రెగొలా అని చిన్న చిన్న రవ్వ ఉండల పాస్తా ఉంది, దాన్నీ కాల్చి దాచుకుంటారు. పాస్తాని మార్కో పోలో చైనా నుంచి తెచ్చాడని చెప్పుకుంటారు గానీ ఆయన తిరిగొచ్చింది 1295లో, ఇటలీలోని సిసిలీ దీవిలో ట్రబియా అనే ఊళ్ళో ఎండు పాస్తా చేసి ఓడల్లో పంపుతున్నారని అరబ్బు భూగోళ శాస్త్రవేత్త ఇద్రీసీ 1154లోనే రాశాడు. పిండి కలిపి, తీగలు తీసి, ఎండబెట్టి దాచుకోవడం ఏ ఒక్కరి సొత్తూ కాదు. మా నాయనమ్మ మేడ మీద చేసిందీ అదే.

ఒరెక్కియెత్తెకి నేను సన్న రవ్వని మిక్సీలో ఇంకా మెత్తగా పట్టి, సగానికి సగం మైదా కలుపుతాను. డ్యూరం పిండి దొరికితే మైదా అక్కర్లేదు. 200 గ్రాములకి దాదాపు వంద మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళు, బాగా మర్దించి అరగంట నాననివ్వాలి. అక్కడ కొంచెం చేదుగా ఉండే చీమె దె రాపా అనే ఆకుకూరతో తింటారు, అది ఆవ మొక్కకి దగ్గర చుట్టం, కాబట్టి చలికాలంలో ఆవాకు దొరికితే అదే వేస్తాను, లేకపోతే బ్రోకలీ. ఆకుకూర, పాస్తా ఒకే గిన్నెలో ఒకే నీళ్ళలో ఉడికిస్తారు, ఆ పద్ధతి నాకు చాలా ఇష్టం. విడిగా నూనెలో వెల్లుల్లి, ఎండుమిర్చి, మొదట్లోనే వేసే ఆంకొవీ చేపముక్కలు రెండు. చేప వద్దనుకుంటే ఉప్పు కాస్త పెంచండి. పైన నూనెలో వేయించిన బ్రెడ్ పొడి.

వెల్లుల్లి, ఎండుమిర్చి అనగానే మా అమ్మ సంగతి చెప్పాలి. మొదటిసారి ఇంట్లో వెల్లుల్లి, నూనె, ఎండుమిర్చి మాత్రమే వేసే స్పగెట్టీ చేస్తుంటే పక్కన నిలబడి చూసి, "ఇది మన తాలింపేగా తల్లీ" అంది. నిజమే. వెల్లుల్లి ముక్కలు సన్న సెగ మీద లేత బంగారు రంగుకి రావాలి, ముదిరితే చేదు. రెండు గరిటెల గంజి పోసి, పాస్తా వేసి, బాణలిని ఊపుతూ ఉంటే నూనె, గంజి కలిసి పాలలా చిక్కబడతాయి. అమ్మ తర్వాత తనకి తాను చేసుకున్నప్పుడు రెండు రెబ్బల కరివేపాకు, కాస్త ఇంగువ వేసింది. నేను ఆ పాస్తాని ఇష్టంగా తిన్నాను, ఎందుకంటే పలుకు చూసి దించింది. మన రుచికి తగ్గట్టు మార్చుకుంటే తప్పేంటని నాతో వాదించేవాళ్ళకి నా జవాబు అమ్మ చేసిన ఆ పాస్తానే. ఆదరువు మీ ఇష్టం. గోంగూర వేసుకోండి, ఆవకాయ నూనె వేసుకోండి, మిరపకాయా టమాటా రెండూ అమెరికా ఖండం నుంచి వాళ్ళకీ మనకీ వచ్చినవే, వాటి మీద ఎవరికీ పెత్తనం లేదు. కానీ అన్నం అన్నంలా వండండి.

వంకాయ అంటే ప్రాణం పెట్టేవాళ్ళు సిసిలీ వాళ్ళ నోర్మా అనే పాస్తా ఒకసారి చేసుకుని చూడండి. కతానియా ఊరిది. వంకాయ ముక్కలకి ఉప్పు రాసి అరగంట ఉంచి, తుడిచి, నూనెలో ముదురు రంగు వచ్చేదాకా వేయించాలి, టమాటా, వెల్లుల్లి, తులసిలాంటి బేజిల్ ఆకు వేసిన పలచటి సాసులో పాస్తాతో కలపాలి. పైన ఉప్పు పట్టించి ఎండబెట్టిన రికోత్తా తురుముతారు. నేను గట్టిగా నొక్కిన పనీర్‌కి ఉప్పు రాసి మూడు రోజులు ఫ్రిజ్‌లో గుడ్డ కప్పి ఆరనిచ్చి తురుముతాను, చాలా దగ్గరగా వస్తుంది.

మా నాన్నకి చాలాకాలం ఇవేవీ ఎక్కలేదు. "ఇది టిఫినా, భోజనమా?" అని అడిగేవారు, తిన్నాక పెరుగన్నం కలుపుకునేవారు. పోయిన ఆదివారం మా మేనకోడలు వచ్చింది, ఎనిమిదేళ్ళది, ఇద్దరం కలిసి ఒరెక్కియెత్తె చేశాం. దాని బొటనవేలు చిన్నది కాబట్టి చెవులు కందిపప్పు బద్దకి కొంచెం పెద్దగా వచ్చాయి. స్టీలు పళ్ళెంలో వరసగా పేర్చి మూడుసార్లు లెక్కపెట్టింది. బయట వాన. నేను బ్రెడ్ పొడి వేయిస్తుంటే నాన్న వంటింట్లోకి వచ్చి, ఎవరూ అడక్కుండానే గరిటెతో ఒకటి తీసి, ఊది, కొరికి చూశారు. గిన్నెలోకి ఒకసారి చూసి నా వైపు తిరిగారు.

"ఇంకా పలుకుంది. దించెయ్, ఇంకో నిమిషమైతే మెత్తబడిపోతుంది."